నగర వీధుల్లో స్త్రీల చరిత్ర: ఒక వాక్ ఎలా తయారు చేయాలి

ఏ పెద్ద నగరం నడిబొడ్డున నిలబడి విగ్రహాలు, వీధుల పేర్లు చూసినా ఆ ఊరిని మగవాళ్లే కట్టారు, మగవాళ్లే నడిపారు అనిపిస్తుంది. లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో మొదటిసారి ఒక స్త్రీ విగ్రహం నిలబెట్టింది 2018 ఏప్రిల్ 24న. అది ఓటు హక్కు కోసం పోరాడిన మిల్లిసెంట్ ఫాసెట్‌ది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లోనైతే 2020 ఆగస్టు దాకా నిజంగా బతికిన స్త్రీ విగ్రహం ఒక్కటీ లేదు. కథల్లోని ఆలిస్, నాటకంలోని జూలియెట్ మాత్రం ఉన్నారు.

అందుకే విగ్రహాల జాబితా రాసుకుని రూట్ గీస్తే మీ వాక్, అంటే నలుగురినీ వీధుల వెంట నడిపిస్తూ చరిత్ర చెప్పే కార్యక్రమం, మొదలవకుండానే అయిపోతుంది. స్త్రీల చరిత్ర ఎక్కువగా ఏ బోర్డూ లేని చోట్ల జరిగింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారం మీద, కాలేజీ మెట్ల మీద, బస్ స్టాప్‌లో, ప్రసూతి ఆసుపత్రి వెనక సందులో. మీ పని ఆ చోటును కచ్చితంగా పట్టుకోవడం, నలుగురినీ అక్కడికి తీసుకెళ్లి ఏం జరిగిందో చెప్పడం, అది జరిగిందని మనకెలా తెలుసో కూడా చెప్పడం. దీనికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. రెండు మూడు నెలల ఓపిక, లైబ్రరీలో కూర్చునే అలవాటు ఉంటే చాలు.

ముందు ఒక అంశం తేల్చుకోండి

"మన నగరంలోని స్త్రీలు" అనేది అంశం కాదు. అంత పెద్దది నెత్తికెత్తుకుంటే ఒక రాణి, ఒక రచయిత్రి, ఒక డాక్టరు, ఒక క్రీడాకారిణి వరసగా వచ్చి వెళ్లిపోతారు. వినేవాళ్లకు నాలుగు పేర్లు గుర్తుంటాయి, నగరం అర్థం కాదు. ఒక్క ప్రశ్న పట్టుకోండి. ఈ నగరంలో ఆడవాళ్లు డాక్టర్లు ఎలా అయ్యారు? రాత్రి షిఫ్టుల్లో ఎవరు పని చేశారు? పెళ్లి చేసుకోకుండా బతకాలనుకున్న స్త్రీ ఎక్కడ ఉండగలిగింది?

ఈ చివరి ప్రశ్నకు బెల్జియం, నెదర్లాండ్స్ నగరాల్లో గొప్ప సమాధానం ఉంది. అక్కడ 13వ శతాబ్దం నుంచి బెగీన్లు అనే స్త్రీలు శాశ్వత సన్యాస ప్రమాణాలు లేకుండా, సొంత సంపాదన మీద, కలిసి ఒక ప్రాంగణంలో బతికారు. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో ఉన్న ఆ ప్రాంగణాలను యునెస్కో 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్క ప్రశ్న వేసుకుంటే ఇళ్లు, ఆస్తి, మతం, కూలీ అన్నీ దాని చుట్టూ వచ్చి చేరతాయి.

నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్లకు "పని" అనే అంశం ఎంచుకోమంటాను. ప్రతి నగరంలోనూ ఆడవాళ్లు పని చేశారు, ఆ పని జరిగిన భవనాలు చాలాచోట్ల ఇంకా ఉన్నాయి, దాని మీద కాగితాలు కూడా దొరుకుతాయి. రాజకీయ నాయకురాళ్ల చరిత్ర కంటే ఇదే వినేవాళ్లకు ఎక్కువ దగ్గరవుతుంది.

అంశం తేల్చుకునేటప్పుడే ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఏ స్త్రీలు? సెంట్రల్ పార్క్‌లో 2020లో పెట్టిన విగ్రహానికి మొదట అనుకున్నది స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ, ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఇద్దరినే. ఇద్దరూ తెల్లజాతివాళ్లు. బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, స్త్రీల హక్కుల కోసం ఊరూరా ప్రసంగించిన సోజర్నర్ ట్రూత్ ఏమయిందని జనం గట్టిగా అడిగాక ఆమెను మూడో మనిషిగా చేర్చారు. మీ జాబితాలో చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లే ఉంటే వాళ్ల ఇళ్లలో వంట చేసినవాళ్లు, బట్టలు ఉతికినవాళ్లు ఎక్కడ నివసించారో వెతకండి. రూట్ గీశాక వెతుకుదామంటే వాళ్లకు చోటు మిగలదు.

ఆధారాలు వెతకడం

ఎక్కువ సమయం పట్టేది ఇదే. పట్టనివ్వండి కూడా.

పేరుతో వెతికితే ఆడవాళ్లు దొరకరు. పాత రికార్డుల్లో ఒకామె పెళ్లికి ముందు ఒక పేరుతో, తర్వాత ఇంకో పేరుతో ఉంటుంది. చాలాసార్లు భర్త పేరుకు ముందు "మిసెస్" అని తగిలించి వదిలేస్తారు. అందుకని చిరునామాతో వెతకండి, వృత్తితో వెతకండి. ఒక వీధి పేరు, ఒక సంవత్సరం పట్టుకుని పాత టెలిఫోన్ డైరెక్టరీ, వ్యాపారుల డైరెక్టరీ, మున్సిపల్ పన్నుల పుస్తకం చూడండి. హాస్టల్ నడిపిన ఆమె, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఆమె, మంత్రసాని అక్కడ కనిపిస్తారు. పాత దినపత్రికల్లో పెద్ద హెడ్డింగులు వదిలేసి ప్రకటనలు, కోర్టు వార్తలు, సంపాదకుడికి ఉత్తరాలు చదవండి. జీతం ఎగ్గొట్టారని కేసు వేసిన పనిమనిషి పేరు, ఆమె ఉన్న వీధి, చేసిన పని అన్నీ ఒక్క కోర్టు వార్తలో దొరకొచ్చు.

జనాభా లెక్కల్లో ఒక పేరు లేదంటే ఆ మనిషి అక్కడ లేదని కాదు. 1911లో ఇంగ్లండులో "మమ్మల్ని ఓటుకు లెక్కపెట్టనప్పుడు జనాభాలో మాత్రం ఎందుకు లెక్కపెట్టాలి" అని చాలామంది స్త్రీలు జనగణనను బహిష్కరించారు. ఆ రాత్రి ఓటు హక్కు ఉద్యమకారిణి ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ పార్లమెంటు భవనం అడుగున ఉన్న ప్రార్థనా మందిరంలో ఒక అలమరలో దాక్కుంది. తన చిరునామా "హౌస్ ఆఫ్ కామన్స్" అని రాయించుకోవాలని ఆమె పట్టుదల. ఆ అలమర దగ్గర ఇప్పుడు ఒక ఫలకం ఉంది.

ఫొటోలను నమ్మండి కానీ అంచుల దాకా చూడండి. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటు చివర్లో డబ్లిన్‌లో దాని నాయకుడు పాట్రిక్ పియర్స్ బ్రిటిష్ సైన్యానికి లొంగిపోతున్న ఫొటో ఐర్లండ్‌లో అందరికీ తెలుసు. ఆ లొంగుబాటు సందేశాన్ని ప్రాణాలకు తెగించి తీసుకెళ్లిన నర్సు ఎలిజబెత్ ఓఫారెల్ పియర్స్ పక్కనే నిలబడి ఉంది. ఫొటోలో ఆమె పాదాలు, పావడా అంచు మాత్రమే కనిపిస్తాయి. తర్వాత అచ్చయిన కొన్ని ప్రతుల్లో అవి కూడా చెరిపేశారు. మీకు దొరికిన ప్రతి ఫొటోకూ వేరే ప్రతులుంటే తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకోండి.

కాగితాల తర్వాత మనుషులు. డెబ్బై ఎనభై ఏళ్ల ఆమెను "మీ జీవితం గురించి చెప్పండి" అని అడిగితే ఏం చెప్పాలో తోచదు. "మీరు రోజూ పనికి ఏ దారిలో వెళ్లేవారు? ఏ వీధి గుండా పోవడానికి భయపడేవారు? మొదటి జీతం ఎక్కడ తీసుకున్నారు?" అని అడగండి. వీలైతే పాత మ్యాప్ ఒకటి ముందు పెట్టి, వేలు పెట్టి చూపించమనండి. రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. పేరు చెప్పొచ్చా, చెప్పకూడదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

ప్రతి చోటుకూ ఒక పేజీ

మీరు సేకరించిన ప్రతి స్థలానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి. ఏం జరిగింది, ఏ తేదీన, కచ్చితంగా ఎక్కడ, ఇప్పుడు అక్కడ ఏముంది, ఆధారం ఏంటి. ఈ చివరి గడిలో నిజాయితీగా ఉండాలి. ఆ కాలపు కాగితం ఉంటే "ఖాయం" అని రాయండి. తర్వాతివాళ్లు రాసింది మాత్రమే ఉంటే "రాశారు" అని, నోటిమాట అయితే "చెప్పుకుంటారు" అని రాయండి. వాక్‌లో మాట్లాడేటప్పుడూ ఇదే తేడా పాటించండి. స్త్రీల చరిత్రను కొట్టిపారేయాలని చూసేవాళ్లకు ఒక్క తప్పు తేదీ దొరికితే చాలు, మిగతా అంతా కల్పనేనంటారు. ఆ అవకాశం ఇవ్వకండి.

ఎవరి ఘనత ఎవరికి వెళ్లిందో కూడా ఇక్కడే చూసుకోవాలి. 1888 జులైలో తూర్పు లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో దాదాపు 1,400 మంది స్త్రీలు, ఆడపిల్లలు సమ్మె చేసి గెలిచారు. చాలాకాలం ఆ ఘనత అంతా బయటి నుంచి వాళ్ల గురించి రాసిన అనీ బిసెంట్‌కే ఇచ్చారు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన సారా చాప్‌మన్ లాంటివాళ్లే దాన్ని నడిపించారన్నది ఆలస్యంగా బయటికొచ్చింది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. గేటు ముందు నిలబడి ఈ రెండు కథలూ చెప్పొచ్చు.

స్టాపులు ఎంచుకోవడం

పాతిక పేజీలు నిండాక వాటిలోంచి ఏడెనిమిది స్టాపులు తీయాలి. ఇక్కడే మనసు రాయి చేసుకోవాలి. మంచి కథ ఉన్నంత మాత్రాన మంచి స్టాప్ కాదు. అక్కడ నిలబడితే కథ ఇంకా బాగా అర్థమవ్వాలి. ఇంట్లో కూర్చుని విన్నా అంతే అనిపించే కథను నడుస్తున్నప్పుడు చెప్పేయండి.

స్థలమే కథ చెప్పడం అంటే ఏంటో న్యూయార్క్‌లోని పాత ఆష్ బిల్డింగ్ దగ్గర తెలుస్తుంది. 1911 మార్చి 25, శనివారం సాయంత్రం ఆ భవనం ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో ఉన్న ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. బయటికి వెళ్లే ఒక తలుపుకు తాళం వేసి ఉంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు అంత ఎత్తుకు అందలేదు. 146 మంది చనిపోయారు, వాళ్లలో 123 మంది స్త్రీలు. చాలామంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ యూదు కుటుంబాల నుంచి వలస వచ్చిన యువతులు. ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఒక యూనివర్సిటీ వాడుతోంది. అక్కడ తల పైకెత్తి తొమ్మిదో అంతస్తు చూసినవాళ్లకు నిచ్చెన ఎందుకు అందలేదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు కింద నిలబడి చూసినవాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఉంది. 1933లో ఆమె అమెరికా కార్మిక మంత్రి అయింది. ఆ దేశ కేబినెట్‌లో మొదటి స్త్రీ ఆమే.

ఏడెనిమిదింటిలో కనీసం ఒకటి ప్రయాణానికి సంబంధించింది ఉండేలా చూడండి. ఆడవాళ్లు బయటికి రావడమే పెద్ద సంఘటన అయిన రోజులుండేవి. ఈజిప్టు స్త్రీల హక్కుల నాయకురాలు హుదా షారావీ 1923లో రోమ్‌లో స్త్రీల సదస్సు నుంచి తిరిగొచ్చి ముఖం మీది ముసుగు తీసేసింది కైరో రైల్వే స్టేషన్‌లోనే. అమెరికాలోని మాంట్‌గొమరీలో నల్లజాతి స్త్రీ రోజా పార్క్స్ బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు వదలనన్నది 1955 డిసెంబర్ 1న. అక్కడ ఒక్క పేరుతో ఆగిపోకండి. అదే ఏడాది మార్చి 2న పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్ అదే పని చేసి అరెస్టయింది. పార్క్స్ అరెస్టయిన రాత్రి కాలేజీ టీచర్ జో ఆన్ రాబిన్సన్ మెషీన్ మీద వేల కొద్దీ కరపత్రాలు తీసింది కాబట్టే బస్సుల బహిష్కరణ కబురు ఊరంతా చేరింది. ఒక ప్రసిద్ధ స్త్రీ దగ్గర ఆగినప్పుడల్లా ఆమె పక్కన ఇంకా ఎవరున్నారో చెప్పడం అలవాటు చేసుకోండి.

ఇంకొకటి నిషేధానికి సంబంధించింది పెట్టండి. ఫలానా తలుపు ఆడవాళ్లకు మూసి ఉండేది అని చెప్పే చోటు. ఎడిన్‌బరాలో సర్జన్స్ హాల్ గేటు అలాంటిది. 1869లో యూనివర్సిటీలో వైద్యం చదవడానికి చేరిన సోఫియా జెక్స్-బ్లేక్, ఆమె ఆరుగురు తోటి విద్యార్థినులు 1870 నవంబర్ 18న అనాటమీ పరీక్ష రాయడానికి వెళ్తుంటే గుంపు అడ్డుకుని బురద చల్లింది, గేటు మూసింది. వాళ్లకు అక్కడ డిగ్రీలు రాలేదు. 2019లో అదే యూనివర్సిటీ ఆ ఏడుగురికీ మరణానంతరం గౌరవ డిగ్రీలిచ్చింది.

వీధి పేరు మార్పులు కూడా మంచి స్టాపులే. 1956 ఆగస్టు 9న దక్షిణాఫ్రికాలో దాదాపు 20,000 మంది స్త్రీలు, నల్లజాతివాళ్లు ఎక్కడికెళ్లినా గుర్తింపు పుస్తకం వెంట ఉంచుకోవాలనే పాస్ చట్టాలకు వ్యతిరేకంగా, ప్రిటోరియాలోని ప్రభుత్వ కార్యాలయాలైన యూనియన్ బిల్డింగ్స్‌కు నడిచి వెళ్లారు. ప్రధాని స్ట్రైడమ్‌కు వేల కొద్దీ వినతిపత్రాలు వదిలిపెట్టి, ముప్పై నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. ఆ నగరంలో ఒకప్పుడు స్ట్రైడమ్ పేరుతో ఉన్న స్క్వేర్‌కు ఇప్పుడు ఆ నడక నాయకురాళ్లలో ఒకరైన లిలియన్ ఎన్‌గోయి పేరుంది.

భవనం కూలిపోయిందని స్టాప్ వదిలేయకండి. 1848లో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి తెరిచిన పుణెలోని భిడే వాడా శిథిలమై, 2023 చివర్లో స్మారకం కోసం పడగొట్టారు. ఖాళీ స్థలం ముందు పాత ఫొటో చేతికిచ్చి మాట్లాడితే జనం మరింత శ్రద్ధగా వింటారు. ఏది కాపాడుకున్నాం, ఏది పోగొట్టుకున్నాం అన్న చర్చ దానంతటదే మొదలవుతుంది.

రూట్, సమయం

రెండు నుంచి రెండున్నర కిలోమీటర్లు మించొద్దు. ఒంటరిగా అరగంటలో నడిచే దూరం పదిహేను మందితో, రోడ్లు దాటుతూ, ఆగుతూ గంట పడుతుంది. స్టాపుకు ఐదారు నిమిషాల చొప్పున ఎనిమిది స్టాపులకు ఇంకో ముప్పావు గంట. మొత్తం రెండు గంటల లోపు ముగుస్తుంది. అంతకంటే సాగితే చివరి రెండు స్టాపులు ఎవరి చెవికీ ఎక్కవు. కాలక్రమం ప్రకారం నడిపించాలనే పట్టింపు వదిలేయండి. వీధులు ఏ వరసలో వస్తే ఆ వరసలో చెప్పండి. సంవత్సరం స్పష్టంగా పలికితే వినేవాళ్లే సర్దుకుంటారు.

రూట్ మధ్యలో శుభ్రమైన టాయిలెట్, కూర్చోవడానికి చోటు ఉండి తీరాలి. 19వ శతాబ్దపు లండన్‌లో మగవాళ్లకు పబ్లిక్ టాయిలెట్లు కట్టించిన చాలా ఏళ్ల తర్వాత కూడా ఆడవాళ్లకు ఉన్నవి చాలా తక్కువ. బయట ఎంతసేపు తిరగగలరన్నది దాన్ని బట్టే తేలేది. కాబట్టి బ్రేక్ ఇచ్చే చోట దీని గురించే మాట్లాడొచ్చు, మీ నగరంలో ఆడవాళ్ల కోసం మొదటి పబ్లిక్ టాయిలెట్ ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో వెతికి చెప్పొచ్చు. మున్సిపల్ రికార్డుల్లో దొరికే విషయమే.

రూట్ గీశాక మీరు వాక్ పెట్టబోయే వారంలో అదే రోజు, అదే గంటకు ఒకసారి నడిచి చూడండి. ఆదివారం పొద్దున ప్రశాంతంగా ఉన్న వీధి శనివారం సాయంత్రం హారన్లతో నిండిపోతుంది. ప్రతి స్టాపు దగ్గరా పదిహేను మంది దారికి అడ్డం లేకుండా నిలబడగలరా, ఎండ ఎవరి కళ్లలో పడుతుంది, మీ గొంతు చివరివాళ్లకు వినిపిస్తుందా చూడండి. ఎండ మీ ముఖం మీద పడాలి, వాళ్ల ముఖాల మీద కాదు. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు, చిన్నపిల్లల బండి తోసుకొచ్చేవాళ్లు ఉంటారు. మెట్లు, ఎత్తు ఫుట్‌పాత్‌లు ఎక్కడున్నాయో రాసుకుని ప్రకటనలోనే ముందుగా చెప్పండి. స్త్రీల చరిత్ర వాక్‌కు ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు ఎక్కువ. ముగింపు చోటు బస్సు లేదా రైలు స్టేషన్‌కు దగ్గరగా, చీకటి పడే లోపు ఇంటికి బయల్దేరేలా ఉండాలి.

ప్రైవేటు ఇంటి ముందు ఆగేట్లయితే ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లకు ముందే చెప్పండి. వద్దంటే వీధి చివర్లో ఆగి చెప్పండి. ప్రార్థనా స్థలాలు, ఆసుపత్రులు, కాలేజీల ఆవరణలోకి వెళ్లడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. గుంపుగా వీధిలో తిరగడానికి పోలీసు అనుమతి అవసరమయ్యే నగరాలున్నాయి, ఆ నియమం ముందే కనుక్కోండి.

చెప్పేది రాసుకోవడం

ప్రతి స్టాపుకూ ఒక అట్టముక్క మీద ఓ పన్నెండు వాక్యాలు రాసుకోండి. మొదటి వాక్యం కంటికి కనిపించేదాని గురించి ఉండాలి. పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో ప్లాసా దె మాయో అనే కూడలి దగ్గర చెప్పాల్సి వస్తే నేను ఇలా రాసుకుంటాను:

"కింద నేల మీద తెల్లగా గీసిన రుమాళ్లు చూడండి. ఇవి తల్లుల తలగుడ్డలు. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది స్త్రీలు ఇక్కడికొచ్చి, సైనిక ప్రభుత్వం ఎత్తుకెళ్లిన మా పిల్లలు ఎక్కడని అడిగారు. గుంపుగా నిలబడటం నిషేధం, కదలండి అన్నారు పోలీసులు. సరేనని ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని ఈ స్తంభం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. తర్వాత ప్రతి గురువారం నడిచారు. వాళ్లను కూడగట్టిన అసుసేనా విల్యాఫ్లోర్‌ను ఆ డిసెంబర్‌లో ఎత్తుకెళ్లి చంపేశారు. 2005లో ఆమె అవశేషాలను గుర్తించి, అస్థికలు ఇక్కడే, ఈ స్తంభం దగ్గర ఉంచారు. ఇప్పుడు మనమూ ఒక చుట్టు నడుద్దాం."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. "ధీరవనిత", "స్త్రీ శక్తి" లాంటి మాటలు అక్కర్లేదు, ఏం చేశారో చెప్తే ధైర్యం వినేవాళ్లకే కనిపిస్తుంది. చివర్లో శరీరంతో చేసే ఒక చిన్న పని ఉంది. ప్రతి స్టాపులో కాకపోయినా రెండు మూడు చోట్ల అలాంటిది పెట్టండి. ప్రిటోరియా కథ చెప్పాక ఒక నిమిషం మౌనంగా నిలబడమనండి. ఆ ఒక్క నిమిషం ఎంత పొడుగ్గా ఉందో చూశాక ముప్పై నిమిషాలంటే ఏంటో వాళ్లకు తెలుస్తుంది.

బాధాకరమైన స్టాపుల విషయంలో జాగ్రత్త. అత్యాచారాలు, హత్యలు, వ్యభిచార గృహాలు, అనాథల సమాధులు స్త్రీల చరిత్రలో ఉన్నాయి, దాటేయకూడదు. కానీ గాయాల వర్ణన పెట్టకండి. వినేవాళ్లలో అలాంటిది అనుభవించినవాళ్లు ఉండొచ్చు. ముందు స్టాపులోనే "తర్వాత చెప్పబోయేది కష్టంగా ఉంటుంది, వద్దనుకుంటే మా వాలంటీరుతో కలిసి ముందుకు నడవొచ్చు" అని చెప్పండి. లండన్ సదర్క్‌లో క్రాస్ బోన్స్ అనే పేదల శ్మశానం ఉంది. మతపరమైన మర్యాదలు దక్కని లైంగిక కార్మికులను ఒకప్పుడు అక్కడ పాతిపెట్టేవారని చెప్తారు. 1853లో మూసేసిన ఆ స్థలం గేటుకు జనం రిబ్బన్లు, పూలు, పేర్లు రాసిన కాగితాలు కడుతుంటారు. ఎలా మాట్లాడాలో తోచని చోట ఇలాంటి పని ఒకటి అందరి చేతికీ ఇవ్వడమే మంచిది.

ట్రయాంగిల్ అగ్నిప్రమాదం కోసం న్యూయార్క్ వాలంటీర్లు చేసేది నాకు అన్నిటికంటే నచ్చుతుంది. 2004 నుంచి ఏటా మార్చి 25న చనిపోయినవాళ్లు ఉన్న ఇళ్ల ముందు ఫుట్‌పాత్ మీద సుద్దతో వాళ్ల పేరు, వయసు రాస్తారు. ఒక సుద్దముక్క, ఒక చిరునామాల జాబితా, అంతే ఖర్చు. వానకు పోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ రాస్తారు. మీ నగరంలో నియమాలు అడ్డురాకపోతే ఒక స్టాపులో ఇది చేసి చూడండి.

వాక్ రోజు

పదిహేను మందికి మించి తీసుకోకండి. ఇరవై మంది వస్తామంటే రెండు బ్యాచులు చేయండి. ముందు మీరు, చివర ఒక వాలంటీరు ఉండాలి. ఆమె పని ఎవరూ వెనకపడకుండా చూడటం, రోడ్డు దాటేటప్పుడు చివరి మనిషి దాటేదాకా ఆగడం. పాత ఫొటోలు ఫోన్‌లో చూపిస్తే ఎండలో కనిపించవు, ఎ4 సైజులో ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

మొదటి స్టాపులో మీ పేరు, మొత్తం సమయం, టాయిలెట్ ఎక్కడ వస్తుంది, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు అన్న నాలుగు మాటలు చెప్పి నడక మొదలుపెట్టండి. పరిచయాల కార్యక్రమం వద్దు. నడుస్తుంటే వాళ్లే మాట్లాడుకుంటారు.

ఎవరో ఒకరు "మగవాళ్లు కూడా కష్టపడ్డారు కదా" అంటారు. కోపం తెచ్చుకోకండి, వాదించకండి. నిజమేనని ఒప్పుకుని, ఆ సమ్మెకు, ఆ బడికి సాయం చేసిన మగవాళ్ల పేర్లు మీ నోట్సులో ఉంటే చెప్పి ముందుకు కదలండి. పార్లమెంట్ స్క్వేర్‌లో ఫాసెట్ విగ్రహం పీఠం మీద ఉన్న 59 పేర్లలో నలుగురు మగవాళ్లవి. ఇంకొందరు మీకు తెలియని విషయం అడుగుతారు. తెలియదని చెప్పి, ఆ ప్రశ్న వాళ్ల ముందే నోట్‌బుక్‌లో రాసుకోండి, తర్వాత సమాధానం పంపండి. గుంపులో పెద్దావిడ ఎవరైనా "మా అమ్మ ఇక్కడే పని చేసేది" అంటే మీ అట్టముక్క పక్కన పెట్టి ఆమెకు మాట అప్పజెప్పండి. టైమ్ దాటినా ఫరవాలేదు, తర్వాతి స్టాపు ఒకటి కుదించుకోవచ్చు.

వాక్ అయ్యాక

ఆ సాయంత్రమే కూర్చుని ఏ స్టాపులో జనం ఫోన్లు చూసుకున్నారో, ఎక్కడ ప్రశ్నలు వచ్చాయో రాసుకోండి. చప్పగా పోయిన స్టాపును తీసేసి, పక్కన పెట్టిన పేజీల్లోంచి ఇంకోటి తీసుకోండి. వచ్చినవాళ్లు చెప్పిన జ్ఞాపకాలు, ఇచ్చిన పాత ఫొటోలు ఎవరు ఎప్పుడు ఇచ్చారో రాసి, వాళ్ల అనుమతితో స్కాన్ చేసి భద్రపరచండి. తప్పు ఎవరైనా చూపిస్తే సరిదిద్ది, ఆ రోజు వచ్చినవాళ్లందరికీ మెసేజ్ పెట్టండి.

రెండు మూడు సార్లు నడిపించాక ఆధారాలతో సహా ఫైలు ఒక కాపీ నగరంలోని పబ్లిక్ లైబ్రరీకి ఇవ్వండి, ఇంకొకటి మీ దగ్గర ఉంచుకోండి. గుర్తు లేని చోట ఫలకం పెట్టించాలనుకుంటే ఆ ఫైలే మీ దరఖాస్తు. లండన్‌లో ప్రసిద్ధుల ఇళ్లకు నీలం ఫలకాలు పెట్టే పద్ధతి 1866లో మొదలైంది. వాటిలో స్త్రీలవి ఇప్పటికీ ఏడింట ఒక వంతు దగ్గరే ఉన్నాయి. అక్కడ పేర్లు సూచించేది మామూలు జనమే. మీ నగరంలో అలాంటి పథకం ఉంటే నియమాలు తెప్పించుకుని, "ఖాయం" అని రాసుకున్న పేజీల్లోంచి ఒక పేరు పంపండి. మీ తర్వాత ఈ వాక్ నడపగల ఇద్దరినైనా వెంట తిప్పుకుని నేర్పండి. ముందు ఒక్క స్టాపు వాళ్ల చేత చెప్పించండి, తర్వాత సగం, ఆ తర్వాత మీరు గుంపు చివర్లో నడవొచ్చు.